మీటింగులో నోరు తెరవని కాలం

“అవ్వా, పని ఇంకా మేలుగా ఎట్ల చేయాలో చెప్పండని వారం వారం మీటింగ్ పెడ్తాను. మా టీమ్‌లో ఒక్కరూ నోరు తెరవరు. మీ జిగణి ఫ్యాక్టరీలో ఎట్లుండె?”

ఏం చెప్పేది తల్లీ... మాదీ అదే కతే. స్విచ్చులు చేసే కంపెనీ గదా, అందరూ ఆడోళ్ళే. నేనూ పద్మక్కా ఒకే బల్ల. నీకు తెలిసిన కాడుగోడి పద్మక్క కాదు, ఆమె వేరే, ఈమె ఆనేకల్లు ఆమె. నవ్విందంటే షెడ్డంతా వినిపించేది.

పొద్దున్నే మమ్మల్ని నిలబెట్టి, “కంపెనీ మీదే, తోచింది చెప్పండమ్మా” అనేవాళ్ళు. పద్మక్క చెప్పె. ఏమని? స్టోర్ నించి సామాన్ల డబ్బాలు ఇద్దరాడోళ్ళు మోసుకొస్తాండిరి. వాళ్ళ నడుములు పడిపోతాండాయి, స్టోర్ కిటికీ కాడ్నించి బల్ల దాకా ఏటవాలుగా రేకు వేస్తే డబ్బాలు జారొస్తాయి గదా, అని. వేసిరి. బాగానే జారె. పద్మక్క ఫోటో గోడకి పెట్టి చప్పట్లు కొట్టిరి. మేమూ కొడ్తిమి.

తర్వాత ఏమాయె? మోసే పని లేదని ఆ ఇద్దర్నీ తీసేసిరి. అందులో నాగవేణి ఎవురనుకున్నావు? పద్మక్క ఆడబిడ్డ! మొగుడు పోయి బిడ్డతో వస్తే పద్మక్కే పనిలో పెట్టిండె. ఆమె నడుము నొప్పి చూడలేకనే గదా రేకు మాట చెప్పింది. ఉండేది ఒకే ఇల్లు. నాగవేణి బిడ్డనెత్తుకొని, “వదినా, నీ ఫోటో బాగుండాది” అనేసి, వర్తూరులో వాళ్ళ చిన్నమ్మింటికి పొయె.

ఆ మీద మీటింగంటే మేమంతా ఊరికే నిలబడేది, నేల చూసేది. మిషన్ వేడెక్కి కాలిన వాసనొస్తాండినా చెప్పేవాళ్ళు లేరు.

అట్లుంటే కొత్త మేనేజరు వచ్చె. “ఏంటికమ్మా ఎవురూ మాట్లాడరు?” అనె. పద్మక్క ముందుకొచ్చి, “మాట్లాడితే అన్నం పోతాది సార్. నాగవేణిని పిలిపించండి, అప్పుడు మాట్లాడ్తాం” అనేసె. ఈమె పనీ పోయె అనుకొంటి. ఆయప్ప కొన్నాళ్ళకి నాగవేణిని పిలిపించి, స్విచ్చులు పరీక్ష చేసే కాడ కూచోబెట్టె. ఉపాయం చెప్పినందుకు ఎవురి పనీ పోదని అందరి ముందరా చెప్పె. ఇంకొకామె దొరకలే, పాపం, ఊరే విడిచి పోయిండె.

మెల్లగా మళ్ళా నోర్లు లేసె. మిషన్ సంగతి నేనే చెప్తి. అయితే ఆయప్పని వేరే తావుకి మార్చిరి. ఆ మీద వచ్చినోళ్ళూ అదే అడిగేది, “తోచింది చెప్పండమ్మా.” ఎందర్ని నమ్మేది, ఎన్నితూర్లని నమ్మేది? అలిసిపోతిమి తల్లీ.

నాగవేణా? మాట్లాడేది వదినతో. పని మాటలే. “ఇది చూసినావా”, “చూసినా”, అంతే. మళ్ళా ఒకే ఇంట్లో ఉండనే లేదు.

నీ వాళ్ళ నోరు ఎందుకు లేయదో నాకేం తెలుసు... ముందు యాడన్నా మాట చెప్పి ఏం పోగొట్టుకున్నారో, అది అడుగు. అందరి ముందరా కాదు, ఒక్కొక్కర్ని, టీ తాగేటప్పుడు. నీ కాడ పని చేసేవాళ్ళు నిమ్మళంగా ఇంటికి పోనీ. నువ్వూ సల్లగా ఉండు...