ఎర్రమందు నీళ్లు

ఊళ్లో వాంతిబేది పడిందని కోవిల్‌పట్టి నుంచి సర్కారువాళ్లు వచ్చి, బావిలో ఎర్రమందు కలిపి పోయారు. మరునాడు పొద్దున ఇల్లాలు గుంట నుంచి నీళ్ల కడవతో వస్తుంటే, మొగుడు వాకిట్లో అడ్డం నిలుచున్నాడు.

"గుంటకెందుకు పోయినావే? పీనుగుల బట్టలు ఉతికింది అక్కడనే కదా!"

"బావినీళ్లు రత్తం మాదిరి ఉండాయి. వాటితో పెరుమాళ్లకు నైవేద్యం వండేదా?"

"కోడలు నిండు చూలాలు. దాని గొంతులో ఈ గుంటనీళ్లు పోస్తావా?"

"సామికి పెట్టని నీళ్లు ఈ ఇంట్లో ఎవరు తాగినారు? అంతా సామి చూసుకుంటాడు."

"ఎదురింటాయనా అదే అన్నాడు. నిన్న మోసుకొని పోయినాం."

ఆమె చంకలో కడవ దించలేదు.

ఆయన బావినీళ్లు చెంబుతో తెచ్చి, పెరుమాళ్ల విగ్రహానికి అభిషేకం చేసి, ఆ నీళ్లు గిన్నెకు పట్టి, తులసాకు వేసి తెచ్చాడు.

"అయ్యయ్యో! సామి మీదనే పోసినారా? కోపమొస్తే?"

"నా మీదనే రానీ. ఇప్పుడిది తీర్థమా, కాదా?"

ఆమె గిన్నెలోకి చాలాసేపు చూసింది. కడవ దించి, గుంటనీళ్లు వీధిలో పారబోసింది. ఆయన ఉద్ధరిణితో తీర్థం తీసి ఆమె ముందు పట్టాడు.

"నాకు తరవాత. ముందు కోడలికి పోయండి."