గోనెపట్టాల కింద పదైదు

నగరి, 2003. మరమగ్గాల షెడ్డు పక్కన పంచలో నాగరత్నమ్మ కండెలు చుడుతోంది. తిరుపతి డేటా ఎంట్రీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనవడు హరినాథ్ సాయంత్రం బస్సు దిగి అప్పుడే వచ్చాడు.

“గోనెపట్టాలు ఎవరూ ఎత్తి చూడలేదు కదవ్వా?”

“ఎవురు సూస్తారు? పొద్దున్నే వ్యాన్లో తెచ్చి షెడ్డు మూల దించి, నేను నోరు తెరిసే లోపల పారిపోతివి. పదైదు కంప్యూటర్లు సుట్టాల మాదిరి మనింటికి ఎందుకొచ్చినాయో ఇప్పుడన్నా సెప్తావా?”

“రేపు లైసెన్సులు తనిఖీ చేసేవాళ్ళు వస్తారు. ఒక్క రోజే. ఎల్లుండి తీసుకుపోతా.”

“లైసెన్సా? అవేమన్నా లారీలా, రోడ్డు మీద తోలేదానికి?”

“వాటికి కాదవ్వా, వాటిని చూసుకునే సాఫ్టువేరుకి. అది సర్వర్లో, అంటే పెద్ద కంప్యూటర్లో ఉంటాది. ఆడ్నుంచే అన్నిట్లో ఏముండాదో చూడొచ్చు, కొత్తది ఎక్కించొచ్చు, తాళం వెయ్యొచ్చు.”

“మగ్గాల మేస్త్రీ మాదిరి.”

“అంతే! సర్వరుకు ఒక లైసెన్సు, అది చూసుకునే ప్రతి మిషనుకూ ఒకటి.”

“మేస్త్రీకి కూలీ ఇచ్చి, వాడి కంట్లో పడిన మగ్గానికల్లా మళ్ళా కూలీనా! బాగుండాది. ఒకసారి కొనేస్తే మనదే కదా?”

“మనది కాదు. వాడుకునేదానికి మాత్రం.”

“మూడు షిఫ్టులు మనుషులు కూర్చుంటారంటివే, వాళ్ళకు?”

“మనుషుల్ని లెక్కబెట్టరు. మిషన్లనే.”

“ఆహా! మనిషి యాడ పోయినా లెక్క లేదు. మీ ఓనరు సుందరరాజు కొనింది ఎన్ని?”

“పది.”

“ఉండేది?”

“… ఇరవై అయిదు.”

“శనివారం తప్పకుండా కొండెక్కే మనిషంటివే ఆయన!”

“ఆయన సంగతి మనకెందుకవ్వా. ‘నాకు కంప్యూటరు తెలీదు, అంతా నువ్వేరా’ అన్నాడు. హెడ్డు పోస్టు ఇస్తానన్నాడు. కాగితం కూడా నన్ను నమ్మి నా చేతికే ఇచ్చినాడు.”

“ఏం కాగితం?”

“‘ఈ ఆఫీసులో ఉండేది పది మిషన్లే, అందుకు నేను బాధ్యుణ్ణి’ అని. రేపు సంతకం చెయ్యాల.”

“సరే సరే. ఆ సర్వరు మేస్త్రీకి తన కింది మగ్గాల పేర్లు తెలుసునా?”

“తెలీకేం? పేరు, నెంబరు, కడాసారి ఎప్పుడు పని చేసిందో నిమిషంతో సహా రాసుకుంటాది.”

“ఆ మేస్త్రీ యాడుండాడు?”

“ఆఫీసులోనే. దాన్ని కదిపితే పని నిలిచిపోతాది కదా… కదా… అయ్యో!”

“మగ్గాల్ని దాపెట్టి, మేస్త్రీని మాత్రం ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చోబెట్టొచ్చినావు. దీనికి మూడేండ్లు కాలేజీ!”

“తీసేస్తా! లిస్టులోంచి పదైదూ తీసేస్తా, ఇప్పుడే బస్సెక్కి…”

“కూర్చో. లిస్టులో అబద్ధం నీ చేత్తో, కాగితం మింద సంతకం నీది, సరుకు నీ ఇంట్లో. ఇందులో సుందరరాజు యాడుండాడో నాకు సూపించు.”

“యాడా లేడవ్వా.”

“మీ తాతకూ ఇట్నే సెప్పినాడు ఆ కాలం ఓనరు, ‘మునిస్వామీ, నువ్వే నాకు దిక్కు’ అని. చేమగ్గాలకే అని సర్కారు కట్టడి చేసిన అంచు సీరలు మరమగ్గం మింద నేయించి, తనిఖీ వస్తాదని మూటలన్నీ మనింట్లో పెట్టించినాడు. ఇన్‌స్పెక్టరొస్తే ‘నాకేం తెలుసయ్యా, వాడింట్లో దొరికినాయి’ అన్నాడు. నాలుగేండ్లు పుత్తూరు కోర్టుకు సద్ది కట్టినా నేను.”

“ఇప్పుడేం చెయ్యాలవ్వా? వ్యాను పిలుస్తా. యాడికన్నా తోలేస్తా…”

“యాడికి తోల్తావు? ముందు పోయి ఆ గోనెపట్టా ఎత్తు.”

“ఇదేంది… పాత మగ్గం కొయ్యలు! అవ్వా, కంప్యూటర్లు యాడ?”

“మీ తాత మూటలు మతికొచ్చి, మద్యాన్నమే మన వీధి ఆదిమూలం వ్యాన్లో ఏసుకోని పోయి సుందరరాజు ఇంట్లోనే దించేసొచ్చినా. ఆయన పెండ్లాం పంకజాక్షి శానా మంచిది. ‘నాకు సదువు రాదు తల్లీ, పదైదూ ముట్టినాయని రాసియ్యి’ అంటే, సంతకం పెట్టి తేదీ కూడా ఏసిచ్చింది.”