గట్టు మీద దొరికిన లోపం: శ్రీ బానోతు మంగీలాల్ గారికి అభినందన

1970 ఆగస్టు మూడవ తేదీన శ్రీ బానోతు మంగీలాల్ గారు మన అటవీ గ్రామాల సరఫరా సంస్థ భద్రాచలం వర్క్‌షాపులో ఆటో ఎలక్ట్రీషియన్‌గా విధుల్లో చేరారు. ఏన్కూరు సమీపంలోని ఒక తండాలో జన్మించి, ఖమ్మంలోని ఒక ప్రైవేటు షెడ్డులో తొమ్మిదేళ్లు డైనమోలకు తీగ చుట్టి పని నేర్చుకున్న ఆయన, ఇరవై ఎనిమిదేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. స్టోర్స్ విభాగంలో ఆయన సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం నా అదృష్టం.

చేరిన కొత్తలోనే ఇంగ్లీషులో ఉన్న వైరింగు పటాలన్నింటినీ తెలుగులో తిరగగీసి షెడ్డు గోడకు అతికించారు. బండి తెచ్చిన డ్రైవరును ఎదురుగా కూర్చోబెట్టుకొని, అతడు చెప్పేది ఆసాంతం విన్న తరువాతే పానా పట్టేవారు. దాన్ని కాలయాపన అని విసుక్కున్నవారిలో నేనూ ఒకణ్ణి.

1983 జూన్ నెలలో ఆ విసుగుకు నేను సిగ్గుపడవలసి వచ్చింది. వాగు అవతలి పదకొండు గూడేలకు వర్షాకాలపు నాలుగు నెలల బియ్యం చేరవేయాలి. ఆ ఇరుకు కొండబాటలో మలుపు తిరగగలిగింది మన దగ్గరున్న 1962 నాటి పాత లారీ ఒక్కటే. ఆ లారీకి బ్యాటరీ నిలవడం లేదు. రెండు బ్యాటరీలు మార్చాం, డైనమో మార్చాం, రెగ్యులేటరూ మార్చాం. షెడ్డులో చూస్తే చార్జింగు భేషుగ్గా ఉండేది, అడవిలోకి పోయాక దిగిపోయేది. మూడవసారి ఆ బాటలోని కొండ గట్టు మీద ఇంజను ఆగి మళ్లీ స్టార్టు కాకపోతే, గూడెంవాళ్లు బస్తాలను తలల మీద మోసుకుపోయారు.

డ్రైవరు పగిడయ్య లైట్లు ఆర్పకుండా వదిలేస్తున్నాడని అప్పటి సూపర్‌వైజరు గారు తేల్చారు. పగిడయ్యను సస్పెండు చేయాలనీ, లారీని వేలానికి పెట్టాలనీ నోటు తయారైంది. ఆయన చెప్పగా ఆ నోటు రాసింది నేనే.

ఆ మధ్యాహ్నం పగిడయ్య తనకిచ్చిన సంజాయిషీ మెమో పట్టుకొని మంగీలాల్ గారి దగ్గరికి వచ్చాడు.

"సాపు బాటల మంచిగనే ఉంటది. గట్టెక్కేటప్పుడే మీటరు ముల్లు కిందికి పడిపోతాంది. ఎవలకు చెప్పినా ఇంటలేరు," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకొని మంగీలాల్ గారు సూపర్‌వైజరు గారి వద్దకు వెళ్లి, ఒక్క రోజు గడువు అడిగారు. అన్నీ మార్చాక ఇంకేం చూస్తావని ఆయన విసుక్కున్నారు.

"షెడ్డుల బండి ఖాళీగ నిలవడి ఉంటది సార్. చెడిపోయేది గట్టు మీద. ఆడికే పోయి చూస్త," అన్నారు మంగీలాల్ గారు.

మర్నాడు ఉదయం లారీకి పూర్తి లోడు ఎత్తించి, డైనమో నుంచి రెండు తీగలు క్యాబిన్‌లోకి లాగి, మీటరు ఒళ్లో పెట్టుకొని పగిడయ్య పక్కన కూర్చున్నారు. నోటు రాసినవాణ్ణి కనుక నేనూ ఎక్కాను. వాగు దాటేవరకు ఇబ్బంది లేదు. గట్టు సగం ఎక్కేసరికి డ్రైవరు ముందున్న, చార్జింగు చూపే అమ్మీటరు ముల్లు పడిపోయింది. ఒళ్లోని మీటరు ముల్లు మాత్రం పడలేదు. డైనమో కరెంటు పుట్టిస్తూనే ఉంది, అది బ్యాటరీకి చేరడం లేదు. ఇంజను ఆపవద్దని చెప్పి, చక్రాలకు రాళ్లు పెట్టించి, ఆయన బానెట్ ఎత్తారు. డైనమో నుంచి వచ్చే తీగను వేళ్లతో తడుముతూ ఒకచోట ఆగారు. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి మాత్రం తెగిపోయి ఉంది. ఇంజను కింది రబ్బరు దిమ్మ అరిగినందున, బరువుతో ఎక్కేటప్పుడు ఇంజను వెనక్కి జరిగి తీగను లాగుతోంది, తెగిన కొసలు విడిపోతున్నాయి. చదునైన సాపు నేల మీద అవి మళ్లీ కలుసుకుంటున్నాయి.

అక్కడే ఆయన కాస్త వదులుగా కొత్త తీగ వేశారు. అదే గట్టు మీద పగిడయ్య చేత మూడుసార్లు ఇంజను ఆపించి స్టార్టు చేయించారు. మూడుసార్లూ ఒక్క తిప్పుకే అందుకుంది. పగిడయ్య స్టీరింగు మీద తల ఆనించాడు. నేను అతణ్ణి క్షమించమని అడిగాను. "ఇప్పటికన్న ఇన్నరు, గదే చాలు సారూ," అన్నాడు.

మర్నాడు రబ్బరు దిమ్మ మార్చారు. వాగు పొంగడానికి రెండు రోజుల ముందే పదకొండు గూడేలకూ బియ్యం చేరింది. మెమో రద్దయింది. వేలం నోటును సూపర్‌వైజరు గారు స్వయంగా చించివేశారు. ఆ లారీ మరో ఎనిమిదేళ్లు అడవిబాటల్లో తిరిగింది.

1987లో ఖమ్మం కేంద్ర వర్క్‌షాపుకు బదిలీ అయి, 1991లో ఫోర్‌మన్ పదవిని అలంకరించిన మంగీలాల్ గారు, మన జాబ్ కార్డులో "డ్రైవరు చెప్పినది" అనే గడిని పట్టుబట్టి చేర్పించారు. అది నింపనిదే ఏ బండికీ పని మొదలుపెట్టరాదన్నది నేటికీ ఇక్కడి నియమం. ఆయన వద్ద పని నేర్చినవారు నేడు సత్తుపల్లి నుంచి చర్ల వరకు అన్ని డిపోలలోనూ బాధ్యతాయుత స్థానాల్లో ఉన్నారు.

మంగీలాల్ గారూ, మీరు ఇక సొంత తండాకు వెళ్లి మిరప వేస్తానన్నారు. మీ చేనుకు వాన అదునులో కురియాలనీ, మీ చూపు, మీ వేళ్ల ఒడుపు చిరకాలం తగ్గకుండా ఉండాలనీ, మీ శ్రీమతి ద్వాలి గారితో కలిసి మనుమల పిల్లలను కూడా ఎత్తుకొని ఆడించేటంతటి నిండు ఆయుష్షును, ఆరోగ్యాన్ని మీరు అనుభవించాలనీ వర్క్‌షాపు సిబ్బంది అందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను.

— వెంకటనారాయణ, స్టోర్స్ సూపరింటెండెంట్, ఖమ్మం, జూలై 1998