కుడి పక్క అంచు

నవ్వకురా. ముందు ఆ గుడ్డసంచీ పక్కన పెట్టు. సంచీ ఎలా ఉందో చెప్పమని నేనడిగానా? కుట్టు తిన్నగా ఉంది, లోపల మెత్తటి పొర ఉంది, కెమెరాకి అతికినట్టు సరిపోయింది. నాకూ కళ్ళున్నాయిలే. నువ్వు కెమెరా సంగతి చూడు. పాడైపోయింది.

ఏం పాడైందంటే, కుడి పక్క కోసేస్తోంది. ఇద్దరు కూర్చుంటే ఒక్కరే పడుతున్నారు. రెండో మనిషి మోచెయ్యో భుజమో పడుతుంది, మిగతాది గాలిలో కలిసిపోతుంది. నీ దగ్గర కొని మూడు వారాలు కూడా నిండలేదు. వారంటీ కాగితం ఇదిగో, మడత కూడా పడలేదు.

కొన్నప్పుడు ఏమన్నావు? "టీచరుగారూ, జేబులో వేసుకుని తిరగండి, రోజువారీ వాడకానికి దీన్ని మించింది లేదు" అన్నావు. నువ్వన్నావని ఒప్పేసుకుంటానా? పదమూడో ఎక్కం వచ్చేసిందని నువ్వన్నప్పుడల్లా ఒప్పేసుకున్నానా? పరీక్ష పెట్టాను. నోటుబుక్కు తెచ్చాను, చూడు. కాస్త ఓపిక పట్టు నాయనా, ఏదైనా మొదట్నుంచీ చెబితే గాని నాకు తృప్తి ఉండదు.

జేబు. స్వెట్టరు జేబులో వేసుకుని కూరలు తరిగాను, మేడ మెట్లెక్కాను, ఓసారి మర్చిపోయి దాంతోనే కునుకు తీశాను. నాలుగు కోడిగుడ్లంత బరువు, అంతే. పదికి పది.

నిద్ర లేవడం. మీట నొక్కాక అది మూతి బయటికి చాపి, కన్ను తెరిచి, సిద్ధమయ్యేసరికి రెండు లెక్కపెట్టాలి. నాలుగేళ్ళ పిల్ల రెండు లెక్కపెట్టేలోగా గది దాటేస్తుందిరా! ఏడు.

వెలుతురు. మనిషిని కిటికీకి వీపు పెట్టి నిలబెట్టి తీస్తే మొహం మసిబొగ్గు. అదే మనిషిని కిటికీ పక్కకి తిప్పి తీస్తే బంగారం. కాబట్టి ఆ తప్పు దానిది కాదు, నిలబెట్టినవాళ్ళది. ఎనిమిది వేశాను.

ఎండలోకి వెళితే వెనక తెర కనబడి చావదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నొక్కుకుంటూ పోవడమే. అయిదు. ఆ అయిదూ జాలికి.

ఏమిటీ? ఫోనుండగా ఇదెందుకా? ఫోన్లో ఫోటో తీస్తూంటే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు. పలికేలోగా పిల్ల పారిపోతుంది. ఇది ఒక్క పనే చేస్తుంది. నాలాగా.

ఇంతకీ పిల్లెవరో చెప్పలేదు కదూ. నా మనవరాలు. పిడుగని పిలుస్తాం. దాని పేరు పెట్టి పిలిస్తే అదే పలకదు. మూడు నెలల కిందట మా కోడలు కాలు విరగ్గొట్టుకుంది. సాయానికని వాళ్ళమ్మ వచ్చింది. అంటే నాకు వియ్యపురాలు. మంచిదే, వచ్చింది, వండింది, కూతుర్ని నడిపించింది, నేను కాదన్నానా?

ఆవిడ టైలరు. మెడలో పసుపురంగు కొలతటేపు వేసుకునే లేస్తుంది, వేసుకునే తింటుంది. కుట్టుమిషను కూడా వెంట తెచ్చుకుని మా ముందుగదిలో గోడవారన వేసింది. ఇక చూస్కో. పిడుగు బొమ్మకి గౌను. మర్నాడు ఆ గౌనుకి జేబు. ఆ మర్నాడు పక్కింటి పిల్లికి కోటు! కోటు తొడుక్కున్న పిల్లిని ఎక్కడన్నా చూశావురా నువ్వు? బొమ్మకి గౌను కుట్టే మనిషి ఎదురుగా ఉంటే, ఆకులు పచ్చగా ఎందుకుంటాయో చెప్పే మనిషిని ఎవరు దేకుతారు?

"నానమ్మా, నువ్వు తర్వాత చెప్పు" అంటుంది. తర్వాతట! ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఏ పిల్లా, ఏ పిల్లాడూ నాతో ఆ మాట అనలేదు. నువ్వు కూడా అనలేదు, నీకేమీ అర్థం కాకపోయినా సరే.

అందుకే కెమెరా కొన్నాను. అవున్రా, అందుకే. కెమెరా పట్టుకుంటే పిల్లలు కెమెరా వైపు చూస్తారు కదా. కెమెరా వెనక ఎవరుంటారు? నేను.

సరే, నిన్న మధ్యాహ్నం ఏమైందో విను. భోజనాలయ్యాక కోడలు, "అత్తయ్యా, రేపు సాయంత్రం బస్సుకి అమ్మ వెళ్ళిపోతోంది. అమ్మా పిడుగూ ఉన్న ఫోటో ఒకటివ్వండి, దాని మంచం దగ్గర గోడకి పెడతాను" అంది. మా అబ్బాయి కెమెరాని టీవీకి తగిలించాడు. అంత తెర మీద నలభై ఏడు ఫోటోలు. ఒకదాని వెంట ఒకటి. పిడుగు నిండుగా ఉంది. ఆ పక్కన ఒక మోచెయ్యి. ఇంకోదాంట్లో సగం భుజం. ఇంకోదాంట్లో పసుపు టేపు చివర, దాని మీద అంకెలు మాత్రం స్పష్టంగా.

ఇరవయ్యో ఫోటోకి కోడలు నా వంక చూసింది. నేనే అన్నాను, "కెమెరాలో లోపంరా, కుడి పక్క కోసేస్తోంది" అని. మావాడు వెర్రిబాగులవాడు, వాళ్ళ నాన్న పోలిక. "వారంటీ ఉందిగా అమ్మా, రేపు పొద్దున్నే తీసుకెళ్ళి చూపించు" అన్నాడు.

వియ్యపురాలు మాత్రం తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ, నాకొక్కదానికే వినబడేలా, నవ్వుతూనే అంది: "కత్తెర ఒక్కసారి తప్పుతుంది వదినగారూ. నలభై ఏడుసార్లు తప్పదు."

పొద్దున్న లేచేసరికి బల్లమీద ఈ సంచీ. "రిపేరుకి తీసుకెళుతున్నారుగా, గీతలు పడకుండా" అంది. ఎప్పుడు కొలిచావమ్మా అంటే, కంటికొలతేనట. ఒళ్ళు మండదట్రా? తిట్టినా బాగుండేది.

ఏం చేస్తున్నావ్? నన్నెందుకు తీస్తున్నావ్? పరీక్షా? సరే, తియ్యి. ఆగు, కళ్ళజోడు సర్దుకోనీ... ఊఁ.

ఏదీ, ఇలా తిప్పు. ఎడమవైపు నీ క్యాలెండరు. మధ్యలో నేను. కుడివైపు నీ గోడగడియారం, దాని పెండ్యులం, ఆ పక్కన పెచ్చులూడిన గోడ కూడా. ఒక్క ఇటుక పోలేదు.

ఊఁ.

ఏమన్నా అనరా. అనవు. నువ్వు అప్పుడూ అంతే. అయిదో క్లాసులో గ్లోబు పగిలిన రోజు నిన్ను గంటసేపు బెంచీ ఎక్కించాను, గుర్తుందా? నోరు మెదపలేదు. పగలగొట్టింది నువ్వు కాదని సాయంత్రానికల్లా నాకు తెలిసిపోయింది. మర్నాడు క్లాసులో చెప్పాల్సింది. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లలు నెత్తికెక్కుతారని చెప్పలేదు. ఇన్నాళ్ళకి ఈ బుల్లి కెమెరాని కూడా బెంచీ ఎక్కించి, మోసుకుని నీ దగ్గరికే తెచ్చాను, చూడు.

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. నొక్కే ముందు మణికట్టు వెంట్రుకవాసి ఎడమకి తిప్పితే చాలు. మిషను గోడకుంది, ఆవిడ దాని ముందే కూర్చుంటుంది, ఎప్పుడూ కుడిపక్కే. మొదటిసారి పొరపాటున జరిగిందని చెబుదామనుకున్నాను. మొదటిసారి కూడా పొరపాటు కాదురా.

ఇంకా ఎందుకు తిప్పుతున్నావు ఆ ఫోటోల్ని? చూశావుగా. ఏమిటి? పాప ఎటు చూస్తోందంటావా?

...

అదేరా. నిన్న టీవీ మీద చూసేదాకా నాకూ తట్టలేదు. నలభై ఏడింట్లోనూ పిడుగు నవ్వుతోంది, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. ఒక్కదాంట్లోనూ నా వైపు చూడదు. అన్నిట్లోనూ కుడి పక్కకే. అంచు అవతల ఆవిడ ఉన్నచోటికే. నేను ఆవిణ్ణి కోసేశాను గాని, ఆ చూపుని కొయ్యడానికి ఏ మీటా లేదు కదా దీనికి.

ఒక పని చేసిపెట్టు. రసీదు మీద "లోపం ఉంది, సరిచేశాం" అని ఒక్క ముక్క రాసివ్వు. ఇంటికెళ్ళి చూపిస్తాను. నా పరువు దక్కుతుంది.

రాస్తున్నావా? రాసేశావా! నేను చెబితే మాత్రం, బాగున్న సరుకుని బాగాలేదని రాసేస్తావట్రా? మళ్ళీ బెంచీ ఎక్కుతావా నాకోసం? చింపెయ్. చింపెయ్ అంటున్నానా!

సరే. సాయంత్రం అయిదింటికి ఆవిడ బస్సు. ఇప్పుడు వెళ్ళి ఇద్దర్నీ ఒక నిండు ఫోటో తీస్తాను. పిడుగు ఆవిణ్ణే చూస్తుంది. చూడనీ. వెళ్ళేది ఆవిడ, ఉండేది నేను. ఈ మాట కూడా అసూయతోనే అంటున్నానులే, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన పోతే ఇంకేం కావాలి.

వెళ్ళే ముందు ఒక్కటి చెప్పు. ఇన్ని ఫోటోల్లో నేనెక్కడా లేను. తీసేవాళ్ళు కూడా పడాలంటే ఏం నొక్కాలి? ఇదా, ఈ గడియారం బొమ్మ? పది లెక్కపెట్టేలోగా వెళ్ళి నిలబడాలా? ఈ మోకాళ్ళతో పదంటే కష్టమే. అయినా వెళతాను.

ఎవరి పక్కనా? పిడుగుకి ఎడమపక్కన. ఆవిడ పక్కన నిలబడతానని మాత్రం అనుకోకు.

ఆ సంచీ ఇలా ఇవ్వు. గీతలు పడతాయి.