నాయనమ్మ కంట్లో తెల్లచుక్క

ఎండ మాస్టారు టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఇక ఆయన నోటికి తాళం వేసేవాళ్ళు లేరని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆయన పాఠాలు చెప్పే మాస్టారేమీ కాదు, ఫోటోగ్రాఫరు. ఎండని తాను చెప్పినట్టు ఆడిస్తానంటూ ఆ పేరు తనకి తానే పెట్టుకున్నాడు. ఇంటా బయటా తీయని గడ్డి టోపీ ఒకటి ఉండేది ఆయనకి. దాని ముందు అంచు విరిగి కుడి కంటి మీదకి వాలిపోయింది. కొత్తది కొనుక్కోమంటే, ఆ వాలడంలోనే ఉంది అందమంతా అనేవాడు.

ఆ పొద్దున స్టూడియోకి కొత్త బోర్డు తయారవుతోంది. పెయింటరు రేకుని టీ కొట్టు గోడకి ఆనించి, పైన 'ఫోటో స్టూడియో' అని ఎర్రగా రాసేసి, కింద పేరు కోసం ఖాళీ వదిలి, చేతిలో కుంచెతో కూర్చున్నాడు. ఆ ఖాళీ దగ్గరే వచ్చింది చిక్కు.

పక్కనే స్టూడియో గుమ్మంలో మాస్టారి భార్య పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ కూర్చుని ఉంది. నిద్ర లేవగానే అడిగింది ఆవిడ, "నా పేరు కూడా రాయిద్దామా?" అని. పెద్ద గొంతుతో కూడా అడగలేదు. ఆయన టోపీ సర్దుకుని, "ఫోటో తీసేటప్పుడు ఎదురుగా దుప్పటి పట్టుకునేవాళ్ళ పేర్లు బోర్డు మీద ఎవరైనా రాయిస్తారటే?" అని నవ్వేసి బయటికి వచ్చేశాడు. పదకొండేళ్ళుగా ఇద్దరూ కలిసి నడుపుతున్న స్టూడియో అది. ఆ నవ్వు ఆవిడ గుండెల్లో గుచ్చుకుంది. ఆయన ఇంట్లోనే ఉండి ఉంటే దులిపేసేదే. నలుగురిలో మొగుణ్ణి చిన్నబుచ్చడం మాత్రం ఆవిడకి చేతకాదు. అందుకని కోపమంతా కత్తెర మీద చూపిస్తోంది.

"పేరొక్కటే చాలా మాస్టారూ, ఇంకేమైనా రాయాలా?" అన్నాడు పెయింటరు.

"నా పేరు రాయి. దాని కింద, ఎండని లొంగదీసినవాడు అని రాయి."

"ఎండ నీకెప్పుడు లొంగిందయ్యా?" అన్నాడు గడియారాలు బాగుచేసే ఆయన. ఎదురు కొట్టు ఆయనదే. టీ తాగడానికి వచ్చినా కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీద అలాగే ఉంటుంది.

మాస్టారికి కావలసిందీ అదే. స్టూడియోలోకి వెళ్ళి, గోడకున్న పెద్ద ఫోటో దించి తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. తలగడంత వెడల్పున ఓ ముసలావిడ మొహం. జుట్టు చుట్టూ వెలుగు, మొహమంతా నవ్వు. ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూడబుద్ధయ్యే ఫోటో అది.

"పిండిమర వాళ్ళ నాయనమ్మ. తొంభై ఆరేళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫోటో లేదు. మీరే దిక్కు మాస్టారూ అని మనవడొచ్చి కాళ్ళావేళ్ళా పడితే వెళ్ళాను. ఎప్పుడనుకున్నారు? మిట్టమధ్యాహ్నం. సాయంత్రమైతే ఆవిడ పడుకుంటుందట. మిట్టమధ్యాహ్నం ఎండలో మనిషిని నిలబెడితే ఏమవుతుందో తెలుసా? కళ్ళు రెండూ గుంటలైపోతాయి. ముక్కు నీడ పెదవి మీద పడి మీసమొస్తుంది. ఇంకొకడైతే మీసాల నాయనమ్మని తీసి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేవాడు."

"మరి నువ్వేం చేశావు బాబూ?" అంది టీ కొట్టు పెద్దమ్మ, గ్లాసులు కడుగుతూ.

"కుర్చీ తిప్పించాను పెద్దమ్మా. వీపు ఎండకి, మొహం ఇటు. జుట్టంతా మెరిసింది గానీ మొహం మసిబారిపోయింది. అప్పుడు తీశాను తెల్ల దుప్పటి. ఎదురుగా దాన్ని సాగదీసి పట్టుకుంటే, ఎండ దానికి తగిలి, మెత్తబడి, తిరిగొచ్చి మొహం మీద వాలుతుంది. నీడలన్నీ నిండిపోతాయి. అదీ కిటుకు."

గుమ్మంలో కత్తెర ఆగింది. ఇంతవరకూ నిజమే, అనుకుంది ఆవిడ. ఎవరేం చేశారన్నదొక్కటే తారుమారైంది.

"ఆ దుప్పటి సంగతి చెప్పాలి మీకు. మామూలు తెలుపు కాదది. అది విప్పగానే వెలుగు ఎలా కొట్టిందంటే, పక్కింటి దండెం మీద తడిబట్టలు అక్కడికక్కడే ఆరిపోయాయి. ఆవిడ మొహం మీద ముడతలన్నీ ఒక్కొక్కటే మాయం. అరవయ్యేళ్ళు కనపడింది, తర్వాత నలభై. మనవడొచ్చి, ఈ అమ్మాయెవరు, మా నాయనమ్మేది అని వెతుక్కుంటున్నాడు."

"మరి ముడతలేమయ్యాయి?" అన్నాడు పెయింటరు.

"దుప్పట్లోకి వచ్చేశాయి. ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోవు. కావాలంటే మా ఆవిడనడుగు."

ఆవిడ మళ్ళీ కత్తెర ఆడించింది. ఆ దుప్పటి ఇస్త్రీ మొహం చూసి ఏడాదైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? దుప్పటి కొంచెం వంచానో లేదో, వెలుగు జారి వీధిలోకి పోయింది. కోళ్ళు రెండోసారి తెల్లారిందనుకుని కూతలు మొదలుపెట్టాయి. అటు రైలు పట్టాల మీద పడితే, ఎదురుగా ఇంకో రైలొస్తోందని డ్రైవరు బండాపి కిందకి దిగాడు. నేను మాత్రం కదల్లేదు. ఎండ కాస్త ఎడమకి ఉంటే బాగుండుననిపించింది. తలెత్తి, నువ్వు రెండడుగులు పక్కకి జరుగు అన్నాను."

"ఎవరితో?"

"సూర్యుడితో. జరిగాడు. ఏం గడియారాలాయనా, ఆ రోజు ఊళ్ళో గడియారాలన్నీ అరగంట తేడా వచ్చాయి కదూ? నీ కొట్టు ముందు జనం బారులు తీరారు కదూ?"

"నా కొట్టు ముందు జనం బారులు తీరితే నేను మర్చిపోతానా?" అన్నాడాయన.

మాస్టారు వినిపించుకుంటేగా. "పని అయ్యాక ఏమైందో తెలుసా? సూర్యుడే కిందకి వచ్చాడు. ఇన్నాళ్ళుగా అందరికీ వెలుగిస్తున్నాను, నాకే ఒక్క ఫోటో లేదు, తీసిపెట్టవా అన్నాడు. నిలువెల్లా ఎండే, నిన్నెలా తీయను, పోయి నీడలో నిలబడు అన్నాను. పాపం, ఎటు వెళ్ళినా నీడ దొరక్క, మొహం చిన్నబుచ్చుకుని పడమటి వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు పొద్దు పెందలాడే గుంకింది అందుకే."

పెద్దమ్మ గ్లాసులు వదిలేసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది, నవ్వలేక. పెయింటరు మాత్రం కుంచె రంగులో ముంచాడు. "అంతా మీరే చేశారు కాబట్టి, మీ పేరొక్కటే రాసేస్తున్నాను" అన్నాడు.

గుమ్మంలో ఆవిడ తల వంచుకుంది. ఆ ఫోటో కోసం తాను మోకాళ్ళు కాలిపోయేలా వేడి బండ మీద కూర్చుని, నాయనమ్మని చిన్ననాటి ఆటల గురించి అడిగి అడిగి నవ్వించడం గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి. రేపట్నుంచి ఆ బోర్డు కిందనుంచే లోపలికీ బయటికీ తిరగాలి.

"ఆగవయ్యా, అసలుది చెప్పలేదు" అన్నాడు మాస్టారు. ఇక్కడే తప్పులో కాలేశాడు. "ఆ కళ్ళు చూడండి. నల్లగుడ్డు మీద తెల్లచుక్క ఉందే, అది లేకపోతే కంట్లో జీవం ఉండదు. ఆ చుక్క నాది. నా సంతకం అనుకోండి. నీ భూతద్దం పెట్టి చూడవయ్యా, నమ్మకపోతే."

గడియారాలాయన భూతద్దం కంటి మీదకి దించుకుని, ఫోటో మీదకి వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. కుంచె అంచున రంగు బొట్టు కట్టి కింద పడింది.

"ఉంది మాస్టారూ. నీ సంతకమే" అన్నాడు.

"చెప్పు, గట్టిగా చెప్పు."

"తెల్లచుక్క అంటే ఆ దుప్పటే. దాని పైనుంచి ఒక టోపీ కనపడుతోంది. అంచు విరిగి ఓ పక్కకి వాలింది."

"చూశారా?"

"చూశాం. దుప్పటి వెనక రెండు చేతులూ చాపి నువ్వు నిలబడితే, దుప్పటి పక్కన, భుజం మీద జడ వేసుకుని, నేల మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నదెవరు?"

అందరూ గుమ్మం వైపు తిరిగారు. ఆవిడ జడ ఆ క్షణాన కూడా భుజం మీదే ఉంది.

మాస్టారు బల్ల చివర చతికిలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన బట్టతల చూడడం పెయింటరుకి అదే మొదటిసారి. "నేను తీసిన పన్నెండింటిలోనూ నాయనమ్మకి మీసాలే వచ్చాయి" అన్నాడు చివరికి, నేల చూస్తూ. "అప్పుడు కెమెరా తను తీసుకుంది."

పెయింటరు లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఏం రాయమంటారమ్మా?"

ఆవిడకి ఇన్నేళ్ళ ఉక్రోషమూ ఒక్కసారి పొంగుకొచ్చింది. ఒక్క పేరే రాయించేద్దామనుకుంది. ఒళ్ళో టోపీ పెట్టుకుని, బడిలో దెబ్బలు తిన్నవాడిలా కూర్చున్న మనిషిని చూసింది. ఆ రోజు చేతులు లాగేస్తున్నా, గంటసేపు ఎండలో దుప్పటి దించని మనిషే ఇతను.

"ఫోటోలు అని రాసి నా పేరు రాయి" అంది. "దాని కింద, వెలుగు అని రాసి ఆయన పేరు రాయి."

పెయింటరు రాయడం మొదలుపెట్టాడు. రెండో వరస పూర్తయ్యేదాకా మాస్టారు కళ్ళార్పకుండా చూశాడు. తర్వాత టోపీ మెల్లగా నెత్తి మీద పెట్టుకుని, అంచు కుడి కంటి మీదకి వాల్చుకున్నాడు.

"అసలు దుప్పటి పట్టుకోవడమంటే ఏమనుకున్నారు మీరు?" అన్నాడు. "ఆ రోజు గాలి మామూలు గాలా? దుప్పటితో పాటు నన్నూ ఎత్తుకుపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అని ఈసారి గుమ్మంలోంచి ఆవిడే అడిగింది.