బ్రామ్లీ దొర పేరూ, మా అన్నా

"తాతగారూ, మీ తలుపు మీద 'బ్రామ్లీ' అని ఉందేంటి? మీరు తెలుగువాళ్లే కదా?"

అదా... తెలుగోళ్లమేనమ్మా, సికాకోళం పక్కన. అసలు ఇంటిపేరు మజ్జి. ఈమద్దిన మీ కంప్యూటరోళ్లు మా ఈ సెంబవాంగ్ పేటలో కూడా అద్దెకి దిగుతన్నారు గానీ, అప్పట్లో మనోళ్లంటే కూలికొచ్చినోళ్లే.

మా తాత తాపీపనోడు. విక్టోరియా రాణి రోజుల్లో వోడెక్కి సముద్రం దాటి ఈ దీవికి వొచ్చినాడు. ఇక్కడ బ్రామ్లీ అనీసి ఒక దొర, చర్చీలకీ కోర్టులకీ ప్లాన్లు గీసీవోడు. మా తాత సున్నంలో గుడ్డు సొనా బెల్లం కలిపి గచ్చు పామితే గోడ అద్దంలాగుండీదంట, మా అత్త సెప్పీది. దొర చేత్తో తడివి, "ఈ మనిషి నా కాడే ఉండాల" అన్నాడంట. గుమస్తా మస్టర్లో "బ్రామ్లీ గారి అప్పన్న" అని రాసీసినాడు. తరవాత్తరవాత ఆ 'గారి' ఎగిరిపోయింది. మా నాన్న కాయితాల్లో అదే ఉంచీసినాడు. ఇక్కడి ఇంగ్లీషోళ్ల నేవీ బేసులో ఆ పేరు సూసి తొందరగా పనిలోకి తీసుకునీవోరు మరి.

ఆ పేరే మా అన్నని తినీసింది.

జపానోళ్లు వొచ్చిన ఏడు. నాకు పదిహేడు... కాదు, పద్దెనిమిది నడస్తోంది. అన్న సూర్నారాయణకి ఇరవై రెండు. రోడ్డు మీద మొగోళ్లందర్నీ లైను కట్టించి కాయితాలు సూస్తన్నారు. నాది ఇంటికాడ ఒగ్గీసినాను. అన్నది జేబులో ఉంది. సిపాయి పక్కనున్న దుబాసీ సదివినాడు.

"బ్రామ్లీ? నువ్వు ఇంగ్లీషోడి బిడ్డవా?"

"నేదు బాబూ, మా తాత ఆ దొర కాడ గోడలకి గచ్చు సేసినాడు, అంతే."

సిపాయికి ఆ కతంతా ఎందుకు? సెంప మీద ఒక్కటిచ్చి పక్కకి లాగీసినాడు.

తరవాత నా వొంతు. పేరడిగితే "మజ్జి సింహాచలం" అన్నాను. ఎప్పుడూ సెప్పని ఇంటిపేరు, ఎలాగొచ్చిందో నోట్లోకి. దుబాసీ అన్నని సూపించి, "ఆడు నీకేటవుతాడు?" అన్నాడు. ఇద్దరిదీ ఒకటే ముక్కు, తల్లీ...

"నాకు తెలీదు" అనీసినాను.

అన్న తలెత్తినాడు. కోపంగా సూస్తాడనుకున్నాను. దుబాసీతో, "అవును, ఈ గుంటణ్ణి నానెరగను" అన్నాడు.

లారీ ఎక్కించీసినారు. మరి రానేదు.

యుద్ధం అయ్యాక నాన్న తిరగని ఆఫీసు నేదు. క్రాంజీలో యుద్ధంలో పోయినోళ్ల సమాధుల కాడ రాళ్ల మీద పేర్లన్నీ నాను సదివి సెప్పినాను, నాన్నకి సదువు రాదు గదా. నేదు, అక్కడా నేదు. ఇంక ఈ పాడు పేరు మార్పించీద్దాం అన్నాడు. నాను ఒప్పుకోనేదు. మా అన్న పేరది. ఎందుకురా అంటే సెప్పనేదు.

అమ్మ ఉన్నన్నాళ్లూ అడిగీది. "పక్కనే ఉన్నావు గదరా, ఆఖర్న ఏటన్నాడు?"

"అమ్మని సూసుకోమన్నాడు" అనీవోణ్ణి. ఆ మాట పట్టుకునే బతికింది. అమ్మకే కాదు, కట్టుకున్నదానికీ సెప్పనేదు నాను. నీకెందుకు సెప్పీసినానో... పరాయిదానివనేమో.

ఏడవకమ్మా. నీకు అన్నదమ్ములున్నారా? తమ్ముడొక్కడేనా... సల్లగుండండి ఇద్దరూ. మిమ్మల్నెవరూ ఒకరి గురించి ఒకర్ని అలాగ అడక్కుండా ఉండాల. అంతే తల్లీ.