తెరకి కన్నం

అది కాదు డాక్టరమ్మా, తగ్గిందంటారు, పోలేదంటారు. మందు మానకూడదంటారు, మామూలుగా ఉండమంటారు. నేనేం అర్థం చేసుకోను చెప్పండి? జ్వరమైతే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. దీన్ని ఎక్కడ పట్టుకుని చూడను?

రెమిషన్ అట! పోయినసారి మీరు చెప్తే బుద్ధిగా తలూపాను. ఇంటికెళ్లాక మా ఆడపడుచు అదేంటని అడిగితే, జబ్బు నిద్రపోతోందన్నాను. "అయితే చప్పుడు చెయ్యకు వదినా" అంది. వేళాకోళానికే అంది లెండి. ఆ రోజునుంచి నేను గిన్నె కూడా గట్టిగా కింద పెట్టలేదు.

మా ఆయన టైలరు కొట్లో కటింగ్ మాస్టరు కదా. జబ్బు ముదిరినప్పుడు, గోడలోంచి ఎవరో తనని కనిపెడుతున్నారని పొద్దస్తమానం ఆ గోడకేసే చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు అదేం లేదు. వేళకి తింటున్నారు, మాత్ర ఆయనే వేసుకుంటున్నారు, కొట్లో కూర్చుంటున్నారు.

మరి నీకేం బాధంటారా? కత్తెర దాచేశానండీ. గుండీలు కుట్టండి చాలన్నాను. అంత పనివాడు, మారు మాట్లాడకుండా గుండీలు కుట్టారు. నవ్వితే ఎందుకు నవ్వారంటాను. ఊరుకుంటే ఏం వినిపిస్తోందంటాను. కొట్టుకీ వంటింటికీ మధ్య తెర ఉంటే, దానికి చిన్న కన్నం పెట్టుకున్నాను. కూర కలుపుతూ అందులోంచి ఆయన్ని చూసుకోవడం.

తప్పేనంటారా? పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే కదండీ.

నిన్న చూద్దును కదా, కన్నం లేదు. ఆయనే కుట్టేశారు. పోగుకి పోగు కలిపి, వేలితో తడిమినా తెలీకుండా. బట్టని ఎలక కొరికిందో, కత్తెరతో కోశారో ఆయనకి తెలీదూ!

అరవలేదు. అరిచినా బాగుండేది. "నన్నెవరో కనిపెడుతున్నారంటే అది జబ్బన్నారు. నమ్మాను. నమ్మడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలీదు. ఇప్పుడు నువ్వే కన్నం పెట్టి చూస్తున్నావు. ఇంక ఎవరి మాట నమ్మను?" అన్నారు.

ఇవాళ పొద్దున మాత్ర గ్లాసు పక్కనే ఉండిపోయింది. చూస్తూ ఉంటే మానేస్తారు. చూడకపోతే వేసుకున్నారో లేదో నాకెలా తెలుస్తుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఏంటీ, కత్తెర ఇచ్చెయ్యాలా? జబ్బు అణిగితే చాలదు, మనిషిని మనిషిలా ఉండనివ్వాలా? నమ్మాలా? సరే. ఆ నమ్మకం పూటకెంత వేసుకోవాలో చీటీ మీద రాసివ్వండి, వేసుకుంటాను.

ఆయన్ని పిలవకండి. బయట బల్ల మీదే ఉన్నారు.

ఇంత చెప్పి ఒక్కటి దాచడమెందుకు? వచ్చేటప్పుడు నేను తలుపు పూర్తిగా వెయ్యలేదు. కుర్చీ ఇలా పక్కకి ఎందుకు జరుపుకున్నాననుకున్నారు? ఆ సందులోంచి ఆయన కనిపిస్తారని.

ఆయనా ఇటే చూస్తున్నారు డాక్టరమ్మా. తల తిప్పుకోవాలనే ఉంది. నావల్ల కావడం లేదు.